మేఘయంత్రశాల – తాళపుచెవి

ప్రతి యింటి గోడకును విద్యుత్తు మీటరొకటి యుండును. మీట నొక్కినచో దీపము వెలుగును. మీటరులోని అంకెలు ముందునకు జరుగును. దీపము వెలిగించినది పిల్లవాడైనను బిల్లు చెల్లించువాడు గృహయజమానియే. వసారాలోని దీపమును ఆర్పుట మరచి నిద్రించినచో మీటరు మనలను మేల్కొల్పదు. నెల తిరిగిన పిమ్మట బిల్లు మాత్రము తప్పక మేల్కొల్పును.

నేటి ప్రసంగ విషయమంతయు ఈ మూడింటిలోనే యిమిడియున్నది: మీట, మీటరు, బిల్లు. అయితే ఇచ్చట వెలుగునది దీపము కాదు, ఎచ్చటనో దూరముననున్న కంప్యూటరు. నొక్కునది గోడమీది మీట కాదు, తెరపై మనము వ్రాయు ఒక పంక్తి అక్షరములు. దానినే కమాండ్ లైన్ అందురు. ఆజ్ఞాపంక్తి యని మనము చెప్పుకొనవచ్చును. ఆ పంక్తిని వ్రాయుటకు ముందు ఖాతాను ఎట్లు అమర్చుకొనవలెను, దాని తాళపుచెవిని ఎట్లు కాపాడుకొనవలెను, ఏ దీపము ఏ యూరిలో వెలుగుచున్నదో ఎట్లు కనుగొనవలెను అనునదియే మన విచారణ.

మేఘమనగా నేమి?

క్లౌడ్ అనగా మేఘము. పేరు ఆకాశమునకు చెందినదైనను వస్తువు నేలమీదనే యున్నది. పెద్ద పెద్ద భవనములలో వేలకొలది కంప్యూటర్లు అరలలో పేర్చబడి, శీతల వాయువు నడుమ రాత్రింబవళ్లు పనిచేయుచుండును. వాటిలో మనకు కావలసినంత భాగమును, కావలసినంత కాలము అద్దెకు తీసికొనవచ్చును. టెలిఫోను వలెనే గణనశక్తియు ఒకనాటికి ప్రజోపయోగ సేవగా రూపొందగలదని 1961లోనే జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ శతవార్షికోత్సవ సందర్భమున చేసిన ప్రసంగములో ఊహించెను. ఆ యూహ వ్యాపారరూపమున విస్తరించుటకు నలువది సంవత్సరములకు పైగా పట్టినది. 2006 మార్చిలో అమెజాన్ సంస్థ ఎస్3 అను పేర సమాచారమును దాచి యుంచు సేవను, అదే సంవత్సరము ఆగస్టులో ఇసి2 అను పేర కంప్యూటర్లను అద్దెకిచ్చు సేవను ప్రారంభించెను. పిమ్మట గూగుల్, మైక్రోసాఫ్ట్ మున్నగు సంస్థలును ఈ రంగమున ప్రవేశించినవి.

ఈ సంస్థలలో ఒకదానిని ఉదాహరణముగా తీసికొన్నచో మిగిలినవి సుబోధకమగును. కావున ఏడబ్ల్యూఎస్ అనబడు అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఖాతానే యిచ్చట వివరింతును. దీనికి మనతో సంబంధము లేకపోలేదు. ఆ సంస్థ తన యంత్రశాలల సముదాయములను ‘రీజియన్’ అను పేర వ్యవహరించును. 2016లో ముంబయి రీజియన్‌ను, 2022 నవంబరులో హైదరాబాదు రీజియన్‌ను తెరచినది. మేఘము మన పెరటిలోనే దిగినదన్నమాట.

గృహస్థులు ఈ సంగతి తెలిసికొననేల యని ప్రశ్నింపవచ్చును. నేడు కంప్యూటరు విద్య నభ్యసించు బిడ్డలలో అనేకులు అభ్యాసము కొరకు ఇట్టి ఖాతాలను తెరచుచున్నారు. ఖాతా తెరచుటకు సాధారణముగా బ్యాంకు కార్డు సంఖ్య నీయవలెను. ఆ కార్డు పెక్కు సందర్భములలో తండ్రిదో తల్లిదో యగును. మీట ఒకరి చేతిలోను, బిల్లు మరియొకరి చేతిలోను ఉండు ఈ యేర్పాటును ఇరువురును ఎరిగియుండుట మేలు.

తంతిభాష వంటి భాష

తెరపై రంగురంగుల బొమ్మలు, మీటలు ఉండగా అక్షరములు వ్రాసి ఆజ్ఞాపించుట పాతకాలపు పద్ధతి కాదా యని కొందరికి తోచును. పద్ధతి పాతదే. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్ అను వ్యవస్థను నిర్మింప నారంభించిన కాలమున కంప్యూటరుతో సంభాషించుటకు టెలిటైప్ యంత్రమునే వాడెడివారు. ఆ నాటి ప్రసిద్ధమైన టెలిటైప్ యంత్రమొకటి సెకండునకు 10 అక్షరములను మాత్రమే అచ్చువేయగలిగెడిది. అందుచేత ఆజ్ఞలు క్లుప్తముగా నుండవలసి వచ్చినవి. జాబితా చూపుమనుటకు ‘ఎల్‌ఎస్’, నకలు తీయుమనుటకు ‘సిపి’ అను రెండేసి అక్షరములే చాలినవి.

మన పెద్దలకు ఇట్టి భాష క్రొత్త కాదు. మాటకింత అని రుసుము చెల్లించి తంతి పంపిన దినములలో ‘క్షేమముగా చేరితిని, ధనము పంపుడు’ అని నాలుగు మాటలలో ముగించుట అందరెరిగిన విద్యయే. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ నిలిచిపోయినది. కాని తంతిభాష కంప్యూటరు తెరపై నేటికిని జీవించుచున్నది. టెలిటైప్ అను మాటకు సంక్షేపమైన ‘టిటివై’ అను పేరు నేటి యంత్రములలోను కనబడును.

ఈ పద్ధతి నిలిచియుండుటకు కారణము అభిమానము కాదు, ప్రయోజనము. బొమ్మల తెరపై ఒక పనిని ఇరువది మారులు చేయవలెనన్నచో ఇరువది మారులు మీటలు నొక్కవలెను. ఒక్క చోట పొరపాటు జరిగినను గుర్తించుట కష్టము. ఆజ్ఞాపంక్తిని ఒకసారి సరిగా వ్రాసినచో దానిని కాగితమున దాచుకొనవచ్చును, మిత్రునకు పంపవచ్చును, మరుసటి సంవత్సరము అట్లే మరల నడపవచ్చును. బొమ్మల తెర రూపము తరచు మారుచుండును. ఆజ్ఞ రూపము అంత సులభముగా మారదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆజ్ఞను నోటితో చెప్పవచ్చును. రేడియోలో వంటకము చేయు విధానమును చెప్పినట్లే, దూరముననున్న వానికి మాటలతోనే పని నేర్పవచ్చును. ఈ వ్యాసములో ఆజ్ఞలను తెలుగు లిపిలో వ్రాయుచున్నాను. యంత్రమునకు మాత్రము వాటిని ఆంగ్లాక్షరములలోనే వ్రాయవలెను.

ఇంటియజమాని చెవి, పనివాని చెవి

ఖాతా తెరచిన వెంటనే మనకు లభించు అధికారమును ‘రూట్’ అధికారమందురు. అది ఇంటియజమాని వద్దనుండు చెవిగుత్తి వంటిది. దానితో ఏ గదినైనను తెరవవచ్చును, ఏ వస్తువునైనను పారవేయవచ్చును, తుదకు ఇంటినే మూసివేయవచ్చును. ఇట్టి చెవిగుత్తిని నడుమునకు కట్టుకొని సంతకు పోవువారుండరు. కావున రూట్ అధికారముతో మొదట చేయవలసిన పనులు మూడే. బలమైన రహస్యపదము నుంచుట ఒకటి. రహస్యపదముతోపాటు చేతిఫోనులోని సంకేతమును గూడ అడుగునట్లు రెండవ గడియను అమర్చుట రెండవది. నిత్యకృత్యముల కొరకు తక్కువ అధికారము గల వేరొక వినియోగదారుని సృష్టించుట మూడవది. ఆపై రూట్‌ను పెట్టెలో పెట్టవలెను. దాని పేర ఆజ్ఞాపంక్తికి పనికివచ్చు తాళపుచెవిని ఎన్నడును చేయింపరాదు.

నిత్యోపయోగమునకు సృష్టించిన వినియోగదారునికి కావలసినంత అధికారమునే యొసగవలెను. పాలవానికి వీధి తలుపు తెరచిన చాలును. బీరువా చెవి యీయ నవసరము లేదు. సమాచారము దాచు పని మాత్రమే యున్నవానికి క్రొత్త కంప్యూటర్లను నడుపు అధికారమేల?

ఇట్టి వినియోగదారుని పేర పొందు తాళపుచెవికి రెండు భాగములు గలవు. మొదటిది ‘యాక్సెస్ కీ ఐడి’: 20 అక్షరములు గల గుర్తింపు. ఇది పేరు వంటిది. బయటపడినను ఇది యొక్కటే అపాయకరము కాదు. రెండవది ‘సీక్రెట్ యాక్సెస్ కీ’: 40 అక్షరములు గల రహస్యము. దీనిని సంస్థ ఒక్కసారి మాత్రమే, సృష్టించిన క్షణమున మాత్రమే, మనకు చూపును. అప్పుడు భద్రపరచుకొననిచో మరల చూచుట అసాధ్యము, క్రొత్తది చేయించుకొనవలసినదే.

నాలుగు ప్రశ్నలు

ఇప్పుడు పనిముట్టును కంప్యూటరులో స్థాపింపవలెను. విండోస్, మాక్, లినక్స్ వ్యవస్థలు మూడింటికిని ఇది ఉచితముగా లభించును. నేడు వాడుకలోనున్న రెండవ రూపము 2020లో వెలువడినది. స్థాపించిన పిమ్మట ‘ఏడబ్ల్యూఎస్’ అని వ్రాసి, ఒక ఖాళీ విడిచి, రెండు అడ్డగీతలు గీచి ‘వెర్షన్’ అని చేర్చి ఎంటర్ మీట నొక్కవలెను. పనిముట్టు తన సంఖ్యను చెప్పినచో స్థాపన సరిగా జరిగినట్లు.

తరువాత ‘ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్’ అను ఆజ్ఞ నీయవలెను. యంత్రము వరుసగా నాలుగు ప్రశ్నలను అడుగును. మొదటి ప్రశ్న: నీ గుర్తింపు ఏది? రెండవ ప్రశ్న: నీ రహస్యమేది? మూడవ ప్రశ్న: సాధారణముగా నీవు ఏ రీజియన్‌తో పనిచేయుదువు? నాలుగవ ప్రశ్న: సమాధానములను ఏ రూపమున చూపవలెను? ముంబయికి ‘ఏపి-సౌత్-1’ అనియు, హైదరాబాదునకు ‘ఏపి-సౌత్-2’ అనియు సంకేతనామములు. నాలుగవ ప్రశ్నకు ‘టేబుల్’ అని బదులిచ్చినచో సమాధానములు పట్టికలుగా కనబడును. క్రొత్తవారికి అది కంటికింపుగా నుండును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. 2019 మార్చి తరువాత తెరచిన రీజియన్లు ఖాతాలో మొదట మూయబడియుండును. హైదరాబాదు అట్టిదే. దానిని ముందుగా ఖాతాలో తెరచుకొనక, మన యూరే కదా యని ‘ఏపి-సౌత్-2’ వ్రాసి పని యారంభించినచో ఆజ్ఞలు తిరస్కరింపబడును. తాళపుచెవి చెడిపోయినదని భ్రమపడి అభ్యాసకులు గంటలకొలది వెదకుట కద్దు. ముంబయి మొదటినుండియు తెరచియే యుండును.

ఈ నాలుగు సమాధానములు ఎచ్చటికి పోవును? మన కంప్యూటరులోనే, ‘ఏడబ్ల్యూఎస్’ అను పేరుగల ఒక సంచికలో రెండు చిన్న కాగితములుగా నిలుచును. ఒక దానిలో తాళపుచెవి, రెండవ దానిలో రీజియన్ మున్నగు అమరికలు వ్రాయబడును. తాళపుచెవి కాగితముపై ఏ ముసుగును ఉండదు. చదువ నేర్చిన ఎవడైనను దానిని చదువగలడు. నకలు తీసినవాడు చెవిని నకలు తీసినట్లే. కావున ఇతరుల కంప్యూటరులలోను, అద్దెకు దొరకు కంప్యూటరు కేంద్రములలోను ఈ ఆజ్ఞను నడుపరాదు.

ఈ యపాయమునకు విరుగుడుగా నేడు మరియొక మార్గము ప్రశస్తమైనది. శాశ్వతమైన చెవికి బదులు కొన్ని గంటలలో తనంత తానే చెల్లకపోవు తాత్కాలిక చెవిని పొందుట. ‘ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్ ఎస్‌ఎస్‌ఓ’ అను ఆజ్ఞతో ఒకసారి అమర్చుకొని, పిమ్మట పని యున్నప్పుడెల్ల లాగిన్ కావలెను. రహస్యపదమును, ఫోను సంకేతమును పరీక్షించిన పిదప పనిముట్టునకు తాత్కాలికమైన చెవి లభించును. నాటకశాలలో నాటి టిక్కెట్టు వంటిది. మరునాడు దొరికినవానికి దానితో ప్రయోజనము లేదు. ఏర్పాటు చేసికొనుటకు కొంత శ్రమ యెక్కువయైనను, వీలున్నవారు ఈ మార్గమునే అనుసరించుట మంచిది.

ముద్రయును గడియారమును

ఆజ్ఞను పంపునపుడు రహస్యము తంతులమీదుగా ప్రయాణము చేయునా? చేయదు. పూర్వము రాజు తన ముద్రికను దూతచేతి కిచ్చి పంపెడివాడు కాడు. లేఖపై ముద్ర వేసి లేఖను పంపెడివాడు. ఇచ్చటను అంతే. మన కంప్యూటరు ఆజ్ఞను, నాటి తేదీని, వేళను, రహస్యముతో కలిపి గణితముచేసి ఒక ముద్రను తయారు చేయును. ముద్రయే ఆజ్ఞవెంట పోవును. ఆవలివారు తమ వద్దనున్న రహస్యముతో అదే గణితమును మరల చేసి రెండు ముద్రలు సరిపోయిన యెడల ఆజ్ఞను మన్నింతురు. ముద్రను చూచి రహస్యమును రాబట్టుట సాధ్యము కాదు. ఆజ్ఞలో ఒక్క అక్షరము మారినను ముద్ర సరిపడదు.

ముద్రలో వేళయు చేరియున్నందున ఒక విచిత్రమైన ఫలితము కలుగుచున్నది. మన కంప్యూటరు గడియారము కొన్ని నిమిషములు తప్పినచో, చెవి సరియైనదే యైనను ఆజ్ఞ తిరస్కరింపబడును. పాత లేఖను ఎవడో దొంగిలించి మరల పంపుచున్నాడేమో యని ఆవలివారి యనుమానము. రేడియోలో వేళ చెప్పు ‘పిప్’ ధ్వనులతో గడియారమును సరిదిద్దుకొను అలవాటు గలవారికి దీని విలువ వేరుగా చెప్ప నక్కరలేదు.

నేనెవరను?

అమరిక ముగిసిన పిమ్మట ఈయవలసిన మొదటి ఆజ్ఞ ఇది: ‘ఏడబ్ల్యూఎస్ ఎస్‌టిఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ’. అనగా ‘నేనెవరనో చెప్పుము’ అని యడుగుట. బదులుగా 12 అంకెల ఖాతా సంఖ్యయు, ఏ వినియోగదారుని పేర ఆజ్ఞ చేరినదో ఆ పేరును వచ్చును. పేరు చివర ‘రూట్’ అని యున్నచో వెంటనే ఆగవలెను. యజమాని చెవిగుత్తితో పనిచేయుచున్నారన్నమాట. ఆ చెవిని తొలగించి వేరొకటి చేయించుకొనవలెను. రెండు ఖాతాలు గలవారికి, అనగా అభ్యాసమున కొకటి, ఉద్యోగమున కొకటి యున్నవారికి, ఈ ప్రశ్న మరింత యవసరము. ఇంటి ఖాతాలో తుడిచితినని తలచి కార్యాలయపు ఖాతాలో తుడిచినచో పశ్చాత్తాపము పనికిరాదు. అట్టివారు ప్రతి ఖాతాకును ‘ప్రొఫైల్’ అను పేర వేరు అమరిక చేసికొని, ప్రతి ఆజ్ఞ చివరను ఆ పేరును చేర్చుట శ్రేయస్కరము.

ఆజ్ఞల నిర్మాణము తెలిసినచో వేనవేల ఆజ్ఞలను కంఠస్థము చేయ నక్కరలేదు. మొదట పనిముట్టు పేరు, తరువాత సేవ పేరు, ఆపై క్రియ, తుదకు వివరములు. క్రియను చూచినచో ఆజ్ఞ స్వభావము తెలియును. ‘డిస్క్రైబ్’, ‘లిస్ట్’, ‘గెట్’ అనునవి సాధారణముగా చూచుటకు మాత్రమే. వీటివలన ఏదియు మారదు. ‘క్రియేట్’, ‘రన్’, ‘పుట్’ అనునవి క్రొత్తదానిని చేయును, మీటరు తిరుగవచ్చును. ‘డిలీట్’, ‘టెర్మినేట్’ అనునవి తుడిచివేయును; తిరిగి రాకపోవచ్చును. అభ్యాసకుడు మొదటి వారము చూచు క్రియలతోనే గడిపిన నష్టమేమియు లేదు. కొన్ని సేవలలో ‘డ్రై-రన్’ అను వివరమును చేర్చినచో పనిచేయక, చేయ ననుమతి కలదా లేదా యని మాత్రమే యంత్రము చెప్పును. పెండ్లికి ముందు బ్యాండువారు ఒకసారి వాయించి చూచుకొనుట వంటిది.

ఏ యూరిలో వెలుగుచున్నది?

ఇప్పుడు ఒక యింటి కథను ఊహింతము. తండ్రి గుంటూరులో నున్నాడు. కుమార్తె హైదరాబాదులో గదిని అద్దెకు తీసికొని ఈ విద్యను నేర్చుచున్నది. ఖాతాకు తండ్రి కార్డు. ఆమె మొదట ముంబయిలో ఒక కంప్యూటరును నడిపి అభ్యాసము చేసినది. మరునాడు హైదరాబాదు రీజియన్‌ను తెరచుకొని అమరికను ‘ఏపి-సౌత్-2’గా మార్చినది. నడుచుచున్న యంత్రములను చూపుమని అడిగినది. జాబితా శూన్యము. నిన్నటి యంత్రము దానంతట అదియే నిలిచిపోయినదని తలచినది. నెల తిరిగినది. తండ్రి ఫోను చేసెను.

“అమ్మాయీ, కార్డునుండి డబ్బు పోయినది. ఏమైనను కొంటివా తల్లీ?”

“ఏమియు కొనలేదు నాన్నగారూ. ఒకే యంత్రము నడిపితిని, అదియు మొదటి దినముననే. జాబితాలో ఏమియు లేదు. ఇప్పుడే మరల చూచితిని.”

“మంచిది. ఆ యంత్రము ఏ యూరిలో నున్నది? నీవు చూచుచున్నది ఏ యూరి జాబితా?”

కంప్యూటరు విద్య నెరుగని తండ్రి అడిగిన ఈ ప్రశ్నలోనే సమాధానము కలదు. జాబితా అడుగు ఆజ్ఞ ఒక్క రీజియన్‌లోనే చూచును. హైదరాబాదులో నిలుచుండి ముంబయి దీపమును చూడలేము. ఆమె అదే ఆజ్ఞకు చివర రెండు అడ్డగీతలు, ‘రీజియన్’, ఖాళీ, ‘ఏపి-సౌత్-1’ అని చేర్చినది. యంత్రము వెంటనే బయటపడినది. నెల దినములుగా ఎవరికొరకును గాక నడుచుచునే యున్నది.

లెక్క చూతము. ఇది ఉదాహరణమునకు మాత్రమే. గంటకు 4 రూపాయల అద్దె యనుకొన్నచో వినుటకు స్వల్పమే. కాని 30 దినములకు 720 గంటలు. అద్దె 2,880 రూపాయలు. విద్యార్థి చేతి ఖర్చునకు అది చిన్న మొత్తము కాదు. ఆమె వాడినది రెండు గంటలు మాత్రమే. అనగా 8 రూపాయల పని.

యంత్రము నాపుటలోను రెండు విధములు గలవు. ‘స్టాప్’ అన్నచో యంత్రము నిదురించును. యంత్రపు అద్దె ఆగును, కాని దాని నిల్వపలక మన పేరనే యుండుటచేత ఆ అద్దె కొంత సాగుచునే యుండును. ‘టెర్మినేట్’ అన్నచో యంత్రము పోవును. దానితో అందులోని సమాచారమును పోవచ్చును. ఊరికి పోవువాడు గదికి తాళము వేయుట ఒకటి, గదిని ఖాళీ చేయుట ఒకటి. అద్దె పూర్తిగా ఆగవలెనన్నచో ఖాళీ చేయవలసినదే. ఖాళీ చేయుటకు ముందు సామాను చూచుకొనవలసినదే.

ఇట్టి చిక్కులు రాకుండ, ఖాతా తెరచిన మొదటి దినముననే ‘బడ్జెట్’ అను సేవతో ఒక హద్దును వ్రాసి యుంచవలెను. ఖర్చు ఆ హద్దును సమీపించినపుడు ఈ-మెయిలు వచ్చును. ఆ లేఖ కుమార్తెకే గాక తండ్రికిని చేరునట్లు ఇరువురి చిరునామాలను వ్రాయవచ్చును. కాని రెండు సంగతులు మరువరాదు. ఈ హద్దు మనకు తెలియజేయునే గాని తనంత తాను యంత్రములను ఆపదు. అది గంటవంటిది, గడియవంటిది కాదు. మరియు ఖర్చు లెక్కలు కొన్ని గంటలు ఆలస్యముగా చేరును. కావున గంట మ్రోగు వేళకు కొంత ఖర్చు ముందే జరిగియుండును. ఉచిత పథకములతో ఖాతా తెరచువారు వాటి గడువును, పరిమితిని చదివి కాగితమున వ్రాసికొనుట మేలు.

చెవి పోయినచో

మరచిన దీపముకంటె పెద్ద యపాయము పోయిన చెవి. ఇది తరచు ఒకే విధముగా జరుగును. విద్యార్థి తాను వ్రాసిన ప్రోగ్రాములో సౌలభ్యము కొరకు తాళపుచెవిని గూడ వ్రాయును; పిమ్మట ఆ ప్రోగ్రామును నలుగురు చూచుటకు బహిరంగమైన చోట ఉంచును. అట్టి చోట్ల చెవుల కొరకు మనుష్యులే గాక యంత్రములును నిరంతరము వెదకుచుండును. దొరికినవాడు మన ఖాతాలో పెద్ద యంత్రములను అనేక రీజియన్లలో నడిపి, బిట్‌కాయిన్ వంటి అంకెల నాణెముల తయారీకి వాడుకొనును. లాభము వానిది, బిల్లు మనది.

అట్టి సందేహము కలిగినపుడు సిగ్గుపడి దాచరాదు, క్రమముగా పనిచేయవలెను. మొదట ఆ చెవిని ‘ఇన్ఆక్టివ్’ అని ప్రకటించవలెను. తక్షణమే దానితో వచ్చు ఆజ్ఞలు చెల్లవు; ఒకవేళ మనము పొరబడినచో మరల చెల్లునట్లు చేయవచ్చును. రెండవది, ప్రతి రీజియన్‌లోను నడుచుచున్న యంత్రములను చూడవలెను. చెవిని రద్దుచేసినంత మాత్రమున, అంతకుముందు దానితో వెలిగించిన దీపములు ఆరవు. వాటిని మనమే ఆర్పవలెను. మూడవది, దొంగ తనకొరకు క్రొత్త వినియోగదారులను, క్రొత్త చెవులను చేయించుకొనెనేమో చూచి తొలగింపవలెను. పిమ్మట సంస్థ సహాయ విభాగమునకు జరిగినది జరిగినట్లు వ్రాయవలెను. ప్రోగ్రామునుండి చెవిని చెరిపివేసితిని కదా యని ఊరకుండరాదు. పాత ప్రతులలో అది నిలిచియే యుండును. ఒకమారు బయటపడిన చెవి బయటపడినట్లే.

ఏ యపాయమును లేకున్నను అప్పుడప్పుడు చెవిని మార్చుట మంచి యలవాటు. ఇందుకొరకే ఒక్కొక్క వినియోగదారునికి రెండు చెవుల వరకు అనుమతింతురు. క్రొత్తది చేయించి, ‘ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్’ ఆజ్ఞతో దానిని అమర్చి, ‘నేనెవరను’ అని యడిగి సరిచూచుకొని, పాతదానిని నిలిపివేసి, కొన్ని దినములు ఏ పనియు ఆగలేదని నిశ్చయించుకొని, అప్పుడు పాతదానిని తొలగింపవలెను. క్రొత్త తాళము పనిచేయుచున్నదని తెలియక పాత తాళమును పగులగొట్టువాడు వీధిలో నిలుచును.

గూగుల్ సంస్థ పనిముట్టు పేరు ‘జీక్లౌడ్’. అందు ‘జీక్లౌడ్ ఇనిట్’ అను ఆజ్ఞతో అమరిక ఆరంభమగును. మైక్రోసాఫ్ట్ అజ్యూర్ పనిముట్టు ‘ఏజడ్’. అందు ‘ఏజడ్ లాగిన్’ మొదటి మెట్టు. పేర్లు వేరైనను అడుగవలసిన ప్రశ్నలు అవియే: నేనెవరను, ఏ ఖాతాలో నున్నాను, ఏ యూరిలో నున్నాను, నేను చేయబోవునది చూచుటయా, చేయుటయా, తుడుచుటయా?

ఆ తండ్రి కుమార్తెను కోపింపలేదనుకొందము. నాటినుండి వారికొక క్రొత్త యలవాటు ఏర్పడినది. ప్రతి ఆదివారము రాత్రి ఫోనులో యోగక్షేమములు ముగిసిన పిమ్మట ఆయన “అమ్మాయీ, అన్ని యూళ్లలోను దీపములు ఆర్పితివా?” అని యడుగును. ఆమె తన ఖాతాలో తెరచియున్న రీజియన్ల పేర్లను వరుసగా చదివి, ఒక్కొక్క దానిలోను జాబితాను చూచి, “ఆర్పితిని నాన్నగారూ” అని చెప్పును. రెండు నిమిషముల పని. అంతటి విద్యకును తుదకు కావలసినది, వసారా దీపము నార్పి తలుపు గడియ వేయు మన యింటి పెద్దల జాగ్రత్తయే.